‘ట్యాడ్’ పేరు ఎందుకు వినబడలేదు?

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి నిర్వాణా, పెర్ల్ జామ్ అనే అమెరికా రాక్ బృందాల పాటలు వింటున్నాను. ఈ మధ్య అనుకోకుండా ‘ట్యాడ్’ అనే బృందం పాట ఒకటి చెవిన పడి వదలడం లేదు. వీరిదీ అదే ఊరు, అదే కాలమని తెలిసింది. మరి ఇన్నేళ్లూ వీరి పేరైనా వినకపోవడానికి కారణమేమిటి? ఏ ఆల్బంతో మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: అదే ఊరు, అదే కాలం మాత్రమే కాదు, నిర్వాణాకూ వీరికీ మొదట్లో రికార్డుల సంస్థ కూడా ఒకటే. 1989లో అమెరికా నగరం సియాటిల్‌లోని సబ్ పాప్ సంస్థ నిర్వాణా తొలి ఆల్బం ‘బ్లీచ్’ను, ట్యాడ్ తొలి ఆల్బం ‘గాడ్స్ బాల్స్’ను విడుదల చేసింది, రెండింటినీ రికార్డు చేసినవాడు జాక్ ఎండినోయే. ఆ ఏడాది చివర రెండు బృందాలూ ఒకే వ్యానులో ఇరుక్కుని యూరప్ అంతా తిరిగి కచేరీలు చేశాయి.

గాయకుడు, గిటారిస్టు ట్యాడ్ డోయల్ భారీకాయుడు. కొంతకాలం మాంసం కొట్టులో పనిచేసిన మాట నిజమే కాని, సంగీతం కాలేజీలో చదువుకున్న మనిషి. ప్రచారానికి మాత్రం మొదటిదే పనికొచ్చింది, అడవిలోంచి రంపం పట్టుకుని వచ్చిన మొరటువాడిగానే ఆయనను లోకానికి చూపించారు. ఆ వేషం వెనుక ఉన్న సంగీత జ్ఞానాన్ని చాలామంది విమర్శకులు పట్టించుకోలేదని నా అభిప్రాయం.

ఇక దురదృష్టం సంగతి. 1991లో వచ్చిన ‘ఎయిట్ వే శాంటా’కు నిర్మాత బుచ్ విగ్, అదే ఏడాది నిర్వాణా ‘నెవర్‌మైండ్’ను రూపొందించిందీ ఆయనే. ఆ ఆల్బం అట్ట మీద ఎక్కడో పాత సామాన్లలో దొరికిన ఒక జంట ఫొటో వేశారు: చొక్కా లేని మీసాల యువకుడు పక్కనున్న యువతి రొమ్ము మీద చెయ్యి వేసి నవ్వుతుంటాడు. అనుమతి ఎవరూ అడగలేదు. ఆ మహిళ దావా వేయడంతో అట్ట మార్చి బృందం ఫొటో వేయవలసి వచ్చింది. ఇది చాలదన్నట్టు, ‘జాక్ పెప్సీ’ అనే పాటకు పెప్సీ సంస్థ అభ్యంతరం చెబితే ఆ పేరు ‘జాక్’గా కుదించుకుపోయింది. 1993లో పెద్ద సంస్థ అండతో ‘ఇన్‌హేలర్’ వచ్చిందని సంతోషించేలోగా, అధ్యక్షుడు క్లింటన్ గంజాయి చుట్ట పట్టుకున్నట్టు వేసిన ప్రచార పోస్టరు కారణంగా ఆ అండా పోయింది. బృందం 1999లో విడిపోయింది.

అయితే తప్పంతా కేసులదే అనడం న్యాయం కాదు. నిర్వాణా పాటలో ఎంత హోరున్నా, వినడం అయ్యాక నోట కూనిరాగంగా నిలిచే వరుస ఒకటి ఉంటుంది. ట్యాడ్ పాటలో ముందు వినిపించేది బరువు, రోడ్డు రోలరు నెమ్మదిగా మీదికి వస్తున్నట్టు సాగే గిటార్, దాని కింద కర్ట్ డేనియల్సన్ వాయించే బేస్ గిటార్. అది రేడియోకు లొంగే సరుకు కాదు.

మీరు ‘ఎయిట్ వే శాంటా’తోనే మొదలుపెట్టండి, మొదటి పాట ‘జింక్స్’ నచ్చితే వెనక్కి వెళ్లి ‘గాడ్స్ బాల్స్’ వినవచ్చు. ఈ తొలినాటి రికార్డులను సబ్ పాప్ 2016లో మళ్లీ విడుదల చేసింది. ఫోను స్పీకరులో మాత్రం వినకండి, బేస్ సగం వినబడదు.