ఆఫీసు గదులు మార్చేటప్పుడు వెంటిలేషన్ నిబంధన నుంచి మినహాయింపు ఎలా అడగాలి?

టెక్సాస్‌లో అద్దెకు తీసుకున్న పాత ఆఫీసులో గోడలు మార్చి కొత్తగా మీటింగ్ గది కడుతున్నామని, బయటి గాలి చాలదంటూ నగర పర్మిట్ కార్యాలయం ప్లాన్ తిప్పి పంపిందని రాశారు. మినహాయింపు ఇస్తారా అని మీ ప్రశ్న. ఇస్తారు. అయితే మీకు నిజంగా మినహాయింపు కావాలో, భవన నిర్మాణ నిబంధనల పుస్తకమైన కోడ్‌లోనే మీ దారి ఉందో ముందు తేల్చుకోండి. నేను అది చూసుకోకుండా నేరుగా దరఖాస్తు పెట్టి ఏడు వారాలు పోగొట్టుకున్నాను.

మాది డల్లాస్ శివారులో చిన్న అకౌంటింగ్ ఆఫీసు. భవనాల్లో గాలి, వేడి, చల్లదనం ఏర్పాట్లకు నిబంధనలు పెట్టే ఇంటర్నేషనల్ మెకానికల్ కోడ్ ప్రకారం ఆఫీసులో ఒక్కో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులు, దానిపైన నేల విస్తీర్ణంలో చదరపు అడుగుకు 0.06 చొప్పున బయటి గాలి రావాలి. మామూలు ఆఫీసు స్థలంలో వెయ్యి చదరపు అడుగులకు ఐదుగురు ఉంటారని కోడ్ అంచనా. అదే మీటింగ్ గదికైతే యాభై మంది! చిక్కంతా అక్కడే వస్తుంది. మా మీటింగ్ గది 240 చదరపు అడుగులు, అంటే పన్నెండు మంది. మనుషులకు 60, నేలకు 14.4, కలిపి 74.4. వేడిగాలిని పైకప్పు నుంచి వదిలి మళ్లీ పైనుంచే వెనక్కి లాగే ఏర్పాటులో గాలంతా మనుషుల దాకా చేరదు కాబట్టి ఆ 74.4ను 0.8తో భాగించాలి. లెక్క 93కి చేరింది. కొలిపిస్తే ఆ గదికి వస్తున్న బయటి గాలి 40 కూడా లేదు.

కిటికీలు తెరుచుకునేవైతే, తెరుచుకునే భాగం నేల విస్తీర్ణంలో 4 శాతం ఉంటే సహజ గాలి కింద ఒప్పుకుంటారు. మావి బిగించిన అద్దాలు, ఆ దారి లేదు.

పాత భవనాలకు ఇంటర్నేషనల్ ఎగ్జిస్టింగ్ బిల్డింగ్ కోడ్ అని వేరేగా ఉందని మా ఇంజినీరు చెప్పేవరకు నాకు తెలియదు. గదుల అమరిక మార్చి, ఉన్న గాలి వ్యవస్థనే సవరించుకునేవారికి మనిషికి కనీసం 5 ఘనపుటడుగుల బయటి గాలి, తిరిగి వాడే గాలితో కలిపి మొత్తం 15 ఉంటే చాలంటుంది అది. అలా మా 93 కాస్తా 60 అయింది, ఎవరినీ ఏమీ అడగకుండానే. మీ నగరం ఈ కోడ్‌ను ఆమోదించిందా, ఏ సంవత్సరం ప్రతిని, ఏ సవరణలతో అన్నది కౌంటర్ దగ్గర మొదట అడగండి. ఇంకొకటి, గదిలో కూర్చునేవారు కోడ్ అంచనా కంటే తక్కువని నమ్మదగ్గ లెక్కలతో చూపగలిగితే ఆ సంఖ్యనే తీసుకోవడానికి మెకానికల్ కోడ్‌లోనే వీలుంది. నోటిమాట చెల్లదు, రికార్డులు కావాలి.

40 నుంచి 60కి వెళ్లడానికి మాకు బయటి గాలి ఇంకొంచెం కావాలి. పైకప్పుకు కొత్తగా రంధ్రం పెడితే దాని గ్యారంటీ పోతుందని యజమాని ఒప్పుకోలేదు. మిగిలింది పక్కగోడ. అక్కడ గాలి తీసుకునే చోటు స్థలం హద్దుకు 6 అడుగుల 4 అంగుళాల దూరంలో పడింది. కోడ్ 10 అడుగులు అడుగుతుంది. మాకు నిజంగా మినహాయింపు కావలసింది ఇక్కడే.

మొదటి దరఖాస్తులో ఖర్చు గురించే రాశాను. తిరస్కరించారు. కారణం అడగడానికి వెళ్తే, ప్లాన్లు చూసే పెద్దాయన నా కాగితం మీద పెన్సిల్ ఆనించి, "ఈ పదడుగులు ఎందుకు పెట్టారో ఇందులో ఎక్కడ రాశారు?" అని అడిగారు. నాకు దారి చూపించిన ప్రశ్న అది. పక్కస్థలంలో రేపు ఏం కడతారో మన చేతుల్లో ఉండదు. వాళ్ల పొగగొట్టమో బాత్రూము గాలి వదిలే గొట్టమో మన గాలి తీసుకునే చోటికి దగ్గరగా రాకూడదనే ఆ దూరం. మా పక్కనున్నది వాననీటి కాలువకు వదిలిన స్థలం. అక్కడ కట్టడానికి వీల్లేదని రిజిస్టరైన పటంలోనే ఉంది.

రెండోసారి ఆ పటం నకలు, టేపు పెట్టి తీసిన ఫొటో, ఇంజినీరు ముద్ర వేసిన ఉత్తరం జతచేశాను. సన్నటి దుమ్మును కూడా పట్టే మెర్వ్ 13 రకం ఫిల్టర్ వేస్తామని, పని పూర్తయ్యాక గాలి కొలతల నివేదిక ఇస్తామని కూడా రాశాను. కోడ్ అధికారి చూసేవి మూడు: అక్షరం తప్పకుండా పాటించలేని ప్రత్యేక కారణం ఉందా, నిబంధన ఉద్దేశం నెరవేరుతుందా, ఆరోగ్యానికీ ప్రాణరక్షణకూ ఉన్న కట్టుబాట్లు తగ్గకుండా ఉన్నాయా. మీ ఉత్తరాన్ని ఆ మూడింటికీ విడివిడిగా జవాబులా రాయించండి. మాకు పదకొండు రోజుల్లో అనుమతి వచ్చింది. అప్పీలు బోర్డుకు వెళ్లమని కొందరు చెబుతారు. కోడ్‌ను తప్పుగా అన్వయించారనో, ఆ నిబంధన మనకు పూర్తిగా వర్తించదనో, దానికి సమానమైన మరో పద్ధతి ఉందనో వాదించడానికే మోడల్ కోడ్‌లో ఆ బోర్డు, నిబంధనను మాఫీ చేసే అధికారం దానికి ఉండదు.

గాలి తగ్గించమని మాత్రం అడగకండి. పన్నుల కాలంలో మా పాత ఆఫీసులో తలుపు మూసిన గదిలో రోజుకు పదేసి గంటలు కూర్చున్నవాళ్లం. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఒకరి తర్వాత ఒకరం తలనొప్పి మాత్ర వెతుక్కునేవాళ్లం. అందుకే కొలతలు తీసే రోజు నేను అక్కడే నిలబడ్డాను. సాంకేతిక నిపుణుడు గుడ్డ గొట్టంలాంటి పరికరాన్ని గోడ గ్రిల్‌కు ఆనించి, గాలిని పెంచే, తగ్గించే రేకును (డ్యాంపర్) తిప్పుతూ చూశాడు. 52. మళ్లీ తిప్పాడు, 58. ఇంకొంచెం తిప్పితే 63 దగ్గర నిలిచింది. ఆ కాగితం, అనుమతి ఉత్తరం నకలు రెండూ లీజు పత్రాలతోపాటే దాచాను.

మీరు గాలి తీసుకోవాలనుకుంటున్న చోటు హద్దుకు, పార్కింగ్‌కు ఎంత దూరమో, మీటింగ్ గది కొలతలెంతో రాయండి. మీ లెక్క నేను వేసి చూపిస్తాను.