రంజాన్ నెలకు ఇంటి లోపల, పండుగకు వాకిట్లో: కోనసీమ ఇంటి అలంకరణ గురించి

బదిలీపై హైదరాబాదు నుంచి అమలాపురం వచ్చి అద్దె ఇంట్లో ఉంటున్నామని, ఫోనులో దుబాయి ఇళ్ల అలంకరణలు చూసిన పిల్లలు అటువంటివే కావాలంటున్నారని, ఖర్చు మితిమీరకుండా, ధర్మానికి విరుద్ధం కాకుండా రంజాన్ నెలకూ పండుగకూ ఇంటిని ఎలా తీర్చిదిద్దుకోవాలో చెప్పమని మీరు అడిగారు. నేను రాజోలు వైపు పుట్టి, ఆ చుట్టుపక్కలే కాపురం చేస్తున్నదానిని. మా అత్తగారింట్లో ఏటా ఈ పని పెద్దలూ పిల్లలూ కలిసి చేస్తారు కనుక, అక్కడ చూసి నేర్చుకున్నదే చెబుతాను. ముందుగా ఒక మాట: నెల రోజుల అలంకరణనూ పండుగ అలంకరణనూ ఒకటిగా కలపకండి. మొదటిది ఉపవాసం ఉండే ఇంటివారి కోసం ఇంటి లోపల చేసుకునేది. రెండవది ఇంటికి వచ్చేవారి కోసం వాకిట్లో చేసేది. ఈ తేడా పాటిస్తే ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

ధర్మం గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఖురాన్‌లోని అల్ ఆరాఫ్ సూరా (అధ్యాయం) 31వ వాక్యం ప్రతి నమాజు చోటా అలంకరణతో ఉండమని చెబుతూనే, తినండి, తాగండి, కాని మితిమీరకండి అని హెచ్చరిస్తుంది. అలంకరణకు అనుమతి, దుబారాకు అడ్డుకట్ట రెండూ ఒకే వాక్యంలో ఉన్నందున మా మామగారు ఏటా అంగడికి వెళ్లే ముందు పిల్లలకు దీనిని చదివి వినిపించేవారు. ఆ తరువాత బేరం తేలికయ్యేది. నెలవంకలు, నక్షత్రాలు, ఈజిప్టు అలవాటుగా మన దాకా వచ్చిన ఫానూసు లాంతర్లు, ఇవేవీ ఆరాధనలో భాగం కావు. ఇష్టముంటే పెట్టుకోవచ్చు, లేకపోయినా లోటు లేదు. అయితే ఖురాన్ వాక్యాలు అచ్చువేసిన కాగితపు తోరణాలు, పళ్లేలు, న్యాప్కిన్లు మాత్రం కొనకండి. పండుగ మరునాడు అవి చెత్తబుట్టలోకో కాలికిందికో చేరతాయి. అల్లాహ్ నామం రాసినది ఏదైనా గోడపై ఎత్తున, శుభ్రమైన చోట స్థిరంగా ఉండేదే అయి ఉండాలి.

పని మొదలుపెట్టవలసింది నమాజు మూల నుంచి. షబే బరాత్ నాటికే, అంటే రంజాన్‌కు సుమారు రెండు వారాల ముందే, ఇల్లు దులిపి కడగడం, వీలుంటే గోడలకు సున్నం వేయించడం మా వైపు ఆనవాయితీ. ఇక్కడి నుంచి ఖిబ్లా, అంటే నమాజులో ముఖం తిప్పవలసిన మక్కా దిక్కు, సరిగ్గా పడమర కాదు, పడమటికి కొంచెం ఉత్తరం వైపు ఉంటుంది. కాబట్టి నమాజు చేసే చాపను, జానమాజును, గోడ వారగా కాక ఆ వాలును అనుసరించి పరచవలసి వస్తుంది. ఆ గదిలో ఎదుటి గోడ వీలైనంత ఖాళీగా ఉండాలి. మనుషుల, జంతువుల బొమ్మలు, ఫొటోలు ఉంటే వాటిని వేరే గదికి మార్చండి. ఒక రిహల్ (మడిచే చెక్క పుస్తక పీట), దానిపై ఖురాన్, పక్కన తస్బీహ్‌లకు (జపమాలలకు) చిన్న తాటాకు బుట్ట, నేలపై ఉతికిన తివాచీ చాలు. ఏలూరులో తరతరాలుగా ముస్లిం నేతగాళ్లు నేసిన ఉన్ని తివాచీలకు పేరుంది. ధర ఎక్కువే అయినా, ఒకటి కొంటే ఏళ్ల తరబడి ఉంటుంది కనుక ఏటా కొత్త ప్లాస్టిక్ చాపలు కొనడం కంటే నాకు అదే నయమనిపిస్తుంది. రిహల్ కింద పరిచే గుడ్డకూ, కిటికీ తెరకూ నరసాపురం లేసును మించినది లేదు. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ అల్లిక మన పక్క ఊళ్లలో ఆడవాళ్లు చేతితో చేసేదే. దూరదేశపు నమూనాల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతూ దీనిని మరిచిపోవడం విచిత్రం.

ఇఫ్తారు చోటు, అంటే సాయంత్రం ఉపవాసం విడిచే చోటు, రెండవది. మార్చి నెలలో ఇక్కడ సూర్యాస్తమయం సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో అవుతుంది. ఆ వేళకు వంటింటి నుంచి వచ్చేవారు, మసీదుకు వెళ్లవలసినవారు, ఆకలితో ఉన్న పిల్లలు అందరూ ఒకేసారి చేరతారు కాబట్టి భోజనానికి నేలపై పరిచే గుడ్డ, దస్తర్‌ఖాన్, చుట్టూ నడవడానికి దారి ఉండాలి, పైన ఏదీ తలకు తగలకూడదు. తెల్లటి గుడ్డ, మధ్యలో ఖర్జూరాల గిన్నె, మంచినీళ్ల కూజా, కోసిన పండ్లు, ఒక పక్క లేత కొబ్బరి ముక్కలు: ఇంత పొందికగా సర్దితే వేరే అలంకరణ వెతకనక్కరలేదు. మసీదులో ఇచ్చే సహరీ (తెల్లవారకముందు తినే భోజనం), ఇఫ్తార్ వేళల పట్టికను అట్టకు అతికించి పిల్లల చేత అంచులకు రంగులు వేయించి ఎదురుగా వేలాడదీయండి. ఫోనులో చూసిన ముప్పై అరల క్యాలెండర్ కావాలని వారు పట్టుబడితే, పట్టికలోని ఒక్కొక్క తేదీ పక్కన ఒక చిన్న కాగితపు సంచి కుట్టి, అందులో ఒక ఖర్జూరమో, ఆ రోజు చేయదగిన ఒక మంచి పని రాసిన చీటీయో పెట్టండి. నెల 29 రోజులకే ముగియవచ్చు కాబట్టి ముప్పయ్యవ సంచిలో పాడయ్యే వస్తువు పెట్టకండి.

నెలవంకకు కొబ్బరి ఈనెలను మించిన సరుకు కోనసీమలో లేదు. పచ్చిగా ఉన్న ఈనెలను పిడికెడు కట్టగా దారంతో బిగించి, వంచి, రెండు కొనలనూ తాడుతో లాగి ఒక పూట నీడలో ఉంచితే ఆ వంపు నిలుస్తుంది. ఎండిన ఈనెలు విరిగిపోతాయి. దానిపై వెండిరంగు కాగితం చుడితే చాలు. నక్షత్రాలకు వెదురు పుల్లలు, రంగు కాగితం వాడండి. మన డెల్టాలో క్రిస్మస్‌కు క్రైస్తవుల ఇళ్ల ముందు ఎన్ని కాగితపు నక్షత్రాలు వెలుగుతాయో మీరూ చూసే ఉంటారు, వాటిని కట్టడం తెలిసినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా పిల్లలకు ఆ పని నేర్పినది మా వీధిలోని ఒక చర్చి సంఘపు పెద్దాయనే. రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి నెల ఆరంభమవుతుంది. అప్పుడు మా వీధిలో ఎవరి నక్షత్రం ఎవరిదో చెప్పడం కష్టమే.

తేదీలు ఇలా జరగడం పూల విషయంలో కూడా గుర్తుంచుకోవలసినది. 2024లో పండుగ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న వచ్చింది కనుక మల్లెలు దొరికాయి. చలికాలంలోకి జరిగే కొద్దీ చేమంతి, బంతి వైపు చూడాలి. కడియపులంక పూల సంత నుంచి తెప్పించుకుంటే చౌక. వీలైతే కడియం నర్సరీలలో రెండు కుండీల మల్లె మొక్కలు కొని నమాజు గది కిటికీ దగ్గర పెట్టండి, ఏటా పనికి వస్తాయి. గుమ్మానికి మామిడాకుల తోరణం కట్టవచ్చా అని కొందరు అడుగుతారు. మా ఇంట్లో కట్టము. ఇంటింటి పద్ధతి వేరు కాబట్టి మీ పెద్దలను అడిగి నిర్ణయించుకోండి.

దీపాల విషయంలో నాకు కొంచెం పట్టుదల ఎక్కువ. సీరియల్ లైట్లు నెల పొడవునా ఇల్లంతా మిణుకుమిణుకుమంటూ ఉంటే రంజాన్ రాత్రులలో చేసే తరావీహ్ నమాజు ముగించుకుని వచ్చినవారికి నిద్ర పట్టదు, సహరీకి లేచేవారికి కళ్లు మండుతాయి. కాబట్టి లోపల మిణకని పసుపు వెలుగు దీపాలు ఒకటి రెండు వరుసలు చాలు. చివరి పది రాత్రులలో, ముఖ్యంగా ఎంతో పవిత్రమైన షబే ఖద్ర్ రాత్రిని ఆశించే బేసి రాత్రులలో, మేము వాటిని కూడా ఆర్పి నమాజు మూలలో ఒక్క చిన్న దీపం ఉంచుతాము. సముద్రపు తేమ వల్ల ఇక్కడ ఇనుప లాంతర్లు త్వరగా తుప్పు పడతాయి, వైర్ల అతుకుల దగ్గర చిలుము పడుతుంది. అందువల్ల ఇత్తడివో వెదురువో తీసుకోండి, ఇనుప గేటుకు నేరుగా వైరు చుట్టకండి, ఒకే ప్లగ్గుకు అన్ని వరుసలూ తగిలించకండి. అద్దె ఇల్లు కాబట్టి మేకులు వద్దు. టేపు ఈ తేమకు ఊడిపోతూ రంగును కూడా పెకలిస్తుంది కనుక కిటికీ చువ్వలకు దారం కట్టుకోవడం మేలు. ఊదు, సాంబ్రాణి వేసే నిప్పు కాగితపు తోరణాలకు దూరంగా ఉండాలి.

ఇక పండుగ. 29వ ఉపవాసం సాయంత్రం చంద్రుడు కనిపిస్తాడో లేదో ముందుగా తెలియదు కాబట్టి వాకిటి అలంకరణ 28 నాటికే సిద్ధం చేసి చుట్టి పెట్టుకోవాలి. చాంద్ రాత్ నాడు, అంటే పండుగ ముందు రాత్రి, బజారుకు, గోరింటాకుకు, సేమియాలు వేయించడానికి, ఫిత్రా (పండుగ దానం) అందవలసినవారికి అందించడానికే సమయం చాలదు. నెలవంక కనబడగానే పిల్లలు వాకిట్లో పెద్ద ఈనెల నెలవంకను కట్టి, దీపాలు వెలిగిస్తారు. హాలులో కుర్చీలకు ఉతికిన తొడుగులు, అత్తరు సీసాలకు ఒక పళ్లెం, ఈదీ (పండుగ కానుక) ఇవ్వడానికి కొత్త నోట్లు పెట్టిన చిన్న కవర్లకు ఒక బుట్ట సర్దండి. తెల్లవారి ఈద్గా నుంచి వచ్చేసరికి పొరుగువారు వచ్చి కూర్చుంటారు కాబట్టి షీర్ ఖుర్మా (పాలు, సేమియాల పాయసం) గిన్నెలకూ, పక్కన ఆత్రేయపురం పూతరేకులకూ బల్ల మీద ముందుగానే చోటు ఉంచాలి. ఆ బల్ల మీద పూలగుత్తులు పేర్చి చోటు ఇరుకు చేయకండి.

పండుగ తరువాత వాకిటివి విప్పేయవచ్చు కాని ఇఫ్తారు చోటును అప్పుడే తీసేయకండి. రంజాన్ తరువాతి షవ్వాల్ నెలలో ఆరు ఉపవాసాలు ఉండేవారు ఇంట్లో ఉంటే అది పనికి వస్తుంది. దీపాల వరుసలను అట్టముక్కకు చుట్టి, పొడిగా ఉండే డబ్బాలో మూతపెట్టి, అటక మీద కాక చేతికి అందే అల్మారాలో ఉంచండి, రెండు నెలల పది రోజుల్లో బక్రీద్ వస్తుంది.