పాఠకుల ప్రశ్నలు: సైన్స్ ఫిక్షన్ రాసి బతకొచ్చా?

ప్రశ్న: ఇంగ్లీషులో సైన్స్ ఫిక్షన్ రాస్తున్నాను. ముందు పత్రికల్లో కథలు వేయించుకుని తర్వాత నవలకి వెళ్ళాలా, నేరుగా నవలే మొదలుపెట్టాలా?

జవాబు: కథలతోనే గడప దాటాలన్న రోజులు పోయాయి. నవల కొనే ఎడిటర్ మీ కథల జాబితా మీద ఓ చూపు పడేస్తారేమో గానీ, నిర్ణయం మాత్రం నవల మొదటి పేజీల్లోనే జరిగిపోతుంది. డబ్బు కోసమైతే కథల మీద ఆశ పెట్టుకోకండి. అమెరికాలో ఈ రంగపు రచయితల సంఘం ఎస్‌ఎఫ్‌డబ్ల్యూఏ (1965లో పుట్టింది) వృత్తి స్థాయి పారితోషికంగా పదానికి కనీసం 8 సెంట్లని 2019లో నిర్ణయించింది. ఆ లెక్కన 5,000 పదాల కథకి 400 డాలర్లు. ఏడాదిలో ఆరు కథలు అమ్ముడైతే అది పండగే, అయినా మొత్తం 2,400.

కథల లాభం మరోచోట ఉంది. కథలో తప్పటడుగు వేస్తే పోయేది రెండు వారాలు, నవలలో వేస్తే ఏడాది. మొదలుపెట్టింది ముగించడం కథలే నేర్పుతాయి. నిడివి మాత్రం చూసుకోండి. ఈ రంగంలో పేరున్న హ్యూగో, నెబ్యులా అవార్డుల లెక్కలో 7,500 పదాల లోపు చిన్న కథ, 17,500 లోపు పెద్ద కథ, 40,000 లోపు నవలిక, ఆపైన నవల. పన్నెండు, పదిహేను వేల పదాల రచనకి పత్రికల్లో చోటు దొరకడం కష్టం. మొదటి నవలకి 90,000 నుంచి 1,10,000 పదాలు బాగుంటాయి, ఇతిహాసం లాంటి ఫాంటసీకి ఇంకొంచెం చెల్లుతుంది. రెండు లక్షల పదాల తొలి నవలని చాలామంది తెరవకుండానే పక్కన పెడతారు. అచ్చు ఖర్చు, ఎడిటింగ్ రోజులు, పుస్తకం ధర అన్నీ దానితోపాటే పెరుగుతాయి మరి.

అమెరికన్ సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1970లో క్లారియన్ అనే ఆరు వారాల రచనా శిక్షణలో చేరిన కాలంలోనే తొలి కథలు అమ్మారు. ఆ తర్వాత ఐదేళ్ళపాటు వచ్చినవన్నీ తిరుగుటపాలే. తొలి నవల 1976లో వచ్చింది. ఆ ఐదేళ్ళూ ఆవిడ రాయడం ఆపలేదన్నది చూడండి, మిగతాదంతా దాని తర్వాతే.

ప్రశ్న: ఒకే కథని మూడు పత్రికలకి పంపాను. ఒకరు తీసుకుంటామన్నారు. ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఈ పూటే మిగతా ఇద్దరికీ రాయండి. "ఫలానా తేదీన పంపిన ఫలానా కథని ఉపసంహరించుకుంటున్నాను. మీ సమయానికి ధన్యవాదాలు." అంతే, ఇక సంజాయిషీలు వద్దు. ఈ రంగంలో చాలా పత్రికలు ఒక కథ ఒకేసారి రెండు చోట్ల ఉండకూడదంటాయి. ఆ నియమం పంపేముందే చదవాల్సింది. ఎడిటర్లకి పేర్లు గుర్తుంటాయి.

ఇకమీద వరస పెట్టుకోండి. ఎక్కువ ఇచ్చే పత్రిక ముందు, తర్వాతది తర్వాత. తిరుగుటపా వచ్చిన సాయంత్రమే కథ రెండో చోటికి వెళ్ళిపోవాలి. అందరికీ పంపే రెండు వాక్యాల అచ్చు జవాబు వస్తే కథని ముట్టుకోవద్దు. ఇద్దరు ఎడిటర్లు విడివిడిగా ఒకే లోపం చెప్పినప్పుడు మాత్రం కూర్చుని తిరగరాయండి. రాతప్రతి తీరు అందరికీ తెలిసిందే: 12 పాయింట్ అక్షరం, వరసల మధ్య రెట్టింపు ఎడం, చుట్టూ అంగుళం మార్జిన్, ప్రతి పేజీ పైన ఇంటిపేరు, శీర్షికలో ఒక మాట, పేజీ సంఖ్య. వెంట పంపే లేఖలో కథాసారం చెప్పకండి. పేరు, పదాల సంఖ్య, ఇంతకుముందు అచ్చయినవి ఉంటే రెండు మూడు చాలు. ఇంకొకటి: యంత్రం (ఏఐ) రాసిన కథలు వెల్లువెత్తడంతో 2023 ఫిబ్రవరిలో క్లార్క్స్‌వరల్డ్ పత్రిక కొన్నాళ్ళు కథలు తీసుకోవడమే ఆపేసింది. యంత్రం సాయంతో రాసినవి వద్దని ఇప్పుడు చాలాచోట్ల ముందే రాసి ఉంటుంది. అది తేలిగ్గా తీసుకోవద్దు.

ఒప్పంద పత్రం వచ్చాక ముందు హక్కుల పేరా చదవండి. పత్రికకి మీరివ్వాల్సింది తొలి ప్రచురణ హక్కు, దానితోపాటు ఆరు నెలలో ఏడాదో మరెక్కడా వేయననే మాట. "సమస్త హక్కులు" అన్న మాట కనిపిస్తే సంతకం ఆపి, మార్చమని అడగండి. ఆ కథే రేపు సంకలనాల్లోకి, ఆడియోలోకి, అనువాదాల్లోకి వెళ్ళాల్సి ఉంటుంది. ఈ వృత్తిలో అసలు ఆస్తి ఆ హక్కులే.

ప్రశ్న: నా రాతప్రతి చదవడానికి ఒక ఏజెంటు రుసుము అడుగుతున్నారు. ఇవ్వాలా?

జవాబు: వద్దు. ఏజెంటు సంపాదన పుస్తకం అమ్మాక వచ్చే కమిషన్‌లోంచే రావాలి. సొంత దేశపు ఒప్పందాల మీద 15 శాతం, అనువాద హక్కుల మీద 20 శాతం మామూలు.

ప్రశ్న: తొలి నవలకి 10,000 డాలర్ల అడ్వాన్స్ అంటున్నారు. ఎప్పుడు చేతికొస్తుంది? రాయల్టీ ఎప్పటినుంచి?

జవాబు: మూడు వాయిదాలు అనుకోండి: సంతకానికొకటి, దిద్దిన ప్రతిని ఎడిటర్ ఒప్పుకున్నాక ఒకటి, విడుదలకొకటి. వాయిదాకి 3,333. ఏజెంటు వాటా పోను 2,833. మొదటి వాయిదాకీ చివరిదానికీ మధ్య ఏడాదిన్నర, రెండేళ్ళు గడుస్తాయి. కొందరు నాలుగో వాయిదా కూడా పెట్టి పేపర్‌బ్యాక్ దాకా లాగుతారు, దాన్ని మూడుకి తగ్గించమనడం తప్పేం కాదు.

అడ్వాన్స్ అంటే రాబోయే రాయల్టీలోంచి ముందే ఇచ్చే సొమ్ము. 28 డాలర్ల గట్టి అట్ట పుస్తకం మీద మీకు 10 శాతమైతే ప్రతికి 2.80. అంటే 3,572 ప్రతులు అమ్ముడయ్యేదాకా మీకు కొత్తగా సెంటు కూడా రాదు. ఆ తర్వాతి ప్రతి నుంచే రాయల్టీ మొదలు. అన్ని ప్రతులు అమ్ముడవకపోయినా, ఒప్పుకున్నట్టు రాతప్రతి ఇచ్చేసి ఉంటే, తీసుకున్నది వెనక్కివ్వక్కర్లేదు.

ఇక్కడ చాలామంది చదవకుండా దాటేసే మాట ఒకటుంది. శాతం దేనిమీద? అట్ట మీది ధర మీదా, ప్రచురణకర్తకి ముట్టిన నికర సొమ్ము మీదా? అదే పుస్తకాన్ని దుకాణానికి సగం ధరకిస్తే నికరం 14 డాలర్లు, మీ 10 శాతం 1.40 అవుతుంది. అడ్వాన్స్ తీరాలంటే 7,143 ప్రతులు కావాలి. పత్రంలో తేడా ఒక్క మాటే, అమ్మాల్సిన ప్రతులు రెట్టింపు. ఈ-బుక్ మీద మాత్రం నికరంలో 25 శాతం ఇవ్వడం పెద్ద సంస్థల్లో మామూలే.

లెక్కల కాగితం ఏడాదికి రెండుసార్లు వస్తుంది. మొదటిది చూసి కంగారు పడకండి. దుకాణాలు అమ్ముడవని ప్రతులు తిప్పి పంపొచ్చు కాబట్టి ప్రచురణకర్త కొంత రాయల్టీని ఆపి ఉంచుతాడు. 4,000 ప్రతులు పోయినా వెయ్యి ప్రతుల సొమ్ము ఆపితే కాగితం మీద మిగిలేవి 3,000, అడ్వాన్స్ ఇంకా తీరనట్టే ఉంటుంది. ఎంత శాతం, ఎన్నాళ్ళు ఆపొచ్చో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

ప్రశ్న: నా నవలాత్రయంలో మొదటి భాగం సరిగా అమ్ముడవలేదు. మూడో భాగం వద్దంటున్నారు. నా పని అయిపోయినట్టేనా?

జవాబు: ఆ వరస అయిపోయినట్టే, మీరు కాదు. దుకాణాలు రెండో భాగాన్ని మొదటి భాగం నిజంగా అమ్ముడైన సంఖ్య చూసి తెప్పించుకుంటాయి, మూడోదాన్ని రెండోదాని సంఖ్య చూసి. అందుకే కథ నడుమ ఎంత పుంజుకున్నా సంఖ్య కిందికే జారుతుంది. కొత్త కథకి కొత్త పేరు పెట్టుకోవడం ఈ రంగంలో చిన్నతనం కాదు. మేగన్ లిండ్‌హోమ్‌గా చాలా ఏళ్ళు రాసిన రచయిత్రి 1995లో రాబిన్ హాబ్ అనే పేరుతో వచ్చారు. ఇప్పుడు ఎక్కువమందికి తెలిసింది ఆ రెండో పేరే.

ఈలోగా పాత ఒప్పందం తీసి రెండు చోట్ల చూడండి. తర్వాతి పుస్తకం ముందు తమకే చూపాలన్న షరతు ఉంటే, అది ఆ వరసకే పరిమితమా, మీరు రాసే దేనికైనానా? రెండోది, హక్కులు ఎప్పుడు వెనక్కి వస్తాయి? "పుస్తకం అందుబాటులో లేనప్పుడు" అని వదిలేస్తే ఈ-బుక్ ఉన్నంతకాలం అది అందుబాటులో ఉన్నట్టే లెక్క. వరసగా రెండు లెక్కల కాలాల్లో ఇన్ని ప్రతుల కన్నా తక్కువ అమ్మితే అని సంఖ్య వేసి ఉండాలి. హక్కులు తిరిగొస్తే మూడో భాగం రాసి, మూడూ మీరే వేసుకోవచ్చు.

ప్రశ్న: ఉద్యోగం ఎప్పుడు మానొచ్చు?

జవాబు: పాత పుస్తకాల రాయల్టీ ఒక్కటే, కొత్త అడ్వాన్స్ కలపకుండా, వరసగా రెండేళ్ళు ఇల్లు నడిపినప్పుడు. చైనా రచయిత ల్యూ సిషిన్ విద్యుత్ కేంద్రంలో ఇంజనీరుగా పనిచేస్తూనే, 2006లో సీరియల్‌గా వచ్చి 2015లో ఇంగ్లీషు అనువాదానికి హ్యూగో అందుకున్న 'ద త్రీ-బాడీ ప్రాబ్లమ్' నవల రాశారు. సినిమావాళ్ళు ఆప్షన్ తీసుకున్నారని మాత్రం రాజీనామా ఇవ్వకండి. ఏడాదో ఏడాదిన్నరో మరొకరికి అమ్మకుండా ఆపి ఉంచినందుకు ఇచ్చే చిన్న మొత్తం అది. చాలా ఆప్షన్లు గడువు తీరిపోయి, హక్కులు మళ్ళీ రచయిత చేతికే వస్తాయి. ఆ గడువు తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి.