రాజీనామా చేయించే ముందు

తమ్ముడూ,

నీ కథలో గుమస్తా చివరికి రాజీనామా చేశాడు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. అధికారి చేత అతణ్ణి నాలుగుసార్లు తిట్టించావు. నాలుగో తిట్టు మూడోదానికంటే ఘాటైనదే, అంతకుమించి కథ కదల్లేదు.

మనిషి ఉన్నచోటే ఉన్నాడంటే కోరిక లేదని కాదు, ముందుకు నెట్టేవీ వెనక్కి లాగేవీ సరికి సరి ఉన్నాయని. కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1940లలో చెప్పిందిదే: నెట్టుడు పెంచితే లోపల ఒత్తిడీ పెరుగుతుంది, లాగేదాన్ని తగ్గిస్తే ఒత్తిడి తగ్గి మనిషి కదులుతాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా గృహిణుల చేత, వాళ్లు మామూలుగా ముట్టని గుండె, మూత్రపిండాల మాంసం వండించాలని ఆయన బృందం చూసింది. ఉపన్యాసం విన్నవాళ్లలో 3 శాతమే వండారు. తమలో తాము అడ్డంకులు చర్చించుకుని, చెయ్యెత్తి నిర్ణయించుకున్నవాళ్లలో 32 శాతం.

కాగితం మధ్య నిలువుగీత గియ్యి. ఎడమవైపు నెట్టేవి, కుడివైపు లాగేవి. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కులు. కూడికలు అక్కర్లేదు, ఏది దేనికంటే బరువో తేల్చుకోవడానికే ఆ అంకెలు. ఎడమవైపు ఎవరికైనా ఇట్టే నిండుతుంది. కుడివైపు 'భయం' అని రాసి ఊరుకోకు. దేనికి భయం? రెండేళ్లలో రావాల్సిన పెన్షన్‌, 4. భార్యకు జవాబు చెప్పుకోవడం, 3. రోజూ డబ్బా పంచుకునే పక్క సీటు మిత్రుడు, 5. లాగేవాటిలో ఒక్కటైనా మంచిది ఉండాలి, లేకపోతే ఇన్నాళ్లూ అక్కడెందుకున్నాడని పాఠకుడు విసుక్కుంటాడు.

ఇప్పుడు మూడు తిట్లు కొట్టేసి మిత్రుణ్ణి బదిలీ చెయ్యి. ఆ సీట్లో కొత్త కుర్రాడు, ఫోన్ చూస్తూ తింటున్నాడు. గుమస్తా డబ్బా మూత తీశాడు, మళ్లీ పెట్టేశాడు. ఆ పూట అధికారి "ఆ ఫైలేమైంది?" అని మామూలుగా అడిగినా చాలు.

కుడివైపున్నవన్నీ ఒకేసారి తీసెయ్యకు. పెన్షన్ అలాగే ఉండనీ. సంతకం దగ్గర చెయ్యి ఆగేది దానివల్లే.

రాజీనామాతో కథ ఆపినా తొందరే. మర్నాడు ఆఫీసు వేళకు పాత అలవాటు లాగుతుంది. అతణ్ణి ఇంట్లో నిలబెట్టేదేమిటో ఒక్క పేరాలో చూపించు. తిరగరాశాక కథతోపాటు ఆ పట్టిక కూడా పంపు.