చర్మం డాక్టరుకి నోరు కూడా చూపించు

చిరంజీవి చిన్నోడికి,

నరసన్నపేట నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు.

మోచేతుల మీద సోరియాసిస్ పొలుసులు తగ్గాయిగానీ పళ్ళు తోముకుంటే నెత్తురొస్తోందని, పొద్దున్నే దవడ పట్టేస్తోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఆ మాట డాక్టరుకి చెప్పలేదట నువ్వు. ఇరవై ఏళ్ళ కిందట నేనూ చెప్పలేదు. చర్మానికీ పంటికీ ఏం సంబంధం అనుకున్నాను. రెండు దంతాలు ఊడాక తెలిసొచ్చింది.

సోరియాసిస్ పైకి చర్మం మీద కనిపిస్తుంది గానీ గొడవంతా లోపలిదిరా. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే అదుపు తప్పి వాపు పుట్టిస్తుంది. చిగుళ్ళ కింద ఎముకని తినేసేదీ ఆ తరహా వాపే. అందుకే మనలాంటివాళ్ళకి చిగుళ్ళ జబ్బు ఎక్కువ. చిగుళ్ళు బాగుచేస్తే పొలుసులు పోతాయని నేననను, పళ్ళు మాత్రం నిలుస్తాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయని మనూళ్ళో అంటారు కదా, అది నమ్మకు. గార పోయాక అప్పటికే వదులైన పన్ను బయటపడుతుంది, అంతే.

నాకు ఎక్కువ బెంగ నీ దవడ గురించి. సోరియాసిస్ ఉన్నవాళ్ళలో నూటికి ముప్పై మంది దాకా కీళ్ళవాతం వస్తుంది. వేళ్ళకీ మడమలకీ వచ్చినట్టే చెవి ముందరుండే దవడ కీలుకీ రావచ్చు. లేచాక అరగంట దాటినా బిగువు వదలకపోతే, నమిలితే నొప్పిపెడితే ఊరుకోకు. మూడు వేళ్ళు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూడు. పట్టకపోతే కీళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు. అరిగిన కీలు మళ్ళీ రాదు నాయనా.

నాలుక మీద తెల్లటి అంచులతో ఎర్రటి మచ్చలొచ్చి, వారానికో చోటికి జరుగుతుంటే భయపడకు. అది మనకి మామూలే. కారం తగిలితే మండుతుంది, ఆవకాయ కొన్నాళ్ళు పక్కన పెట్టు.

పళ్ళ డాక్టరుకి నీ మందుల చీటీ ముందే చూపించు. మన సోరియాసిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. నేను చీటీ సరిగ్గా చదువుకోక వరసగా అయిదు రోజులు వేసుకున్నాను. నోరంతా పుండ్లు, మంచినీళ్ళు కూడా దిగలేదు, ఆస్పత్రిలో చేర్చాల్సొచ్చింది. నీకూ నోరు పూస్తే అది వేడి చేసిందనుకోకు, ఆరోజే డాక్టరుకి చెప్పు. కొన్ని నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు ఆ మందుతో పడవు. పన్ను పీకించుకున్నాక షాపులో అడిగి ఏదో ఒకటి మింగకు.

ఇంకోటి, సిగరెట్. మీ నానమ్మ అడ్డపొగ తాగేది, నిప్పు కొన నోట్లో పెట్టుకుని. ఆవిడ అంగిలి తెల్లబడిపోవడం నేను చిన్నప్పుడే చూశాను. మన సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళకి ఆ అంగిట్లోనే క్యాన్సర్ వచ్చిందో! పొగ పొలుసుల్నీ పెంచుతుంది, చిగుళ్ళనీ తింటుంది. నీ జేబులో పెట్టె ఉంటుందని నాకు తెలుసు. మానెయ్యరా, బతిమాలుతున్నాను.

వచ్చే ఆదివారం ఇటు రా. పాత చీటీలన్నీ తెచ్చుకో, సోమవారం పొద్దున్నే ఇద్దరం శ్రీకాకుళం వెళ్దాం.

మీ పెదనాన్న