చెన్నైకి సొంత సింఫనీ ఆర్కెస్ట్రా ఉంటే మామూలు జనానికి ఏం ఒరుగుతుంది?

చాలా ఒరుగుతుంది. సింఫనీ ఆర్కెస్ట్రా అంటే వయొలిన్లు, ఫ్లూట్లు, ట్రంపెట్లు లాంటివి పట్టుకుని పదుల మంది నొటేషన్ చూస్తూ కలిసి వాయించే పెద్ద బృందం. "సూటు వేసుకున్నవాళ్లు వాయిస్తారు, సూటు వేసుకున్నవాళ్లు వింటారు, మధ్యలో మనమెందుకు" అని మీరు ప్రశ్న కింద రాశారు. అసలు ఈ ఊరికి ఆర్కెస్ట్రా ఎప్పుడూ లేదన్నట్టు అడగడమే నాకు నచ్చలేదు.

మా మామగారు వయొలినిస్టు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు ప్రిన్సిపాల్‌గా చేసిన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని, మద్రాసు వచ్చి సినిమా రికార్డింగుల్లో స్థిరపడ్డారు. అక్కడ నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడిపాదానికి ఆనించి వాయించిన మనిషి. ఇక్కడికొచ్చాక కుర్చీ ఎక్కి, వాద్యాన్ని గడ్డం కింద పెట్టుకుని, స్టాండు మీద నొటేషన్ చూస్తూ, పక్కవాళ్ల కమాను పైకి లేచినప్పుడు తనదీ లేపడం నేర్చుకోవాల్సి వచ్చింది. అప్పట్లో వడపళని, సాలిగ్రామం వీధుల్లో ఇలాంటివాళ్లు ఎక్కడపడితే అక్కడ ఉండేవారు. పొద్దున ఒక కాల్‌షీట్, మధ్యాహ్నం ఇంకొకటి. తెలుగు, తమిళం, మలయాళం, కన్నడం, అన్నిటికీ వాళ్లే. స్ట్రింగ్ సెక్షన్, అంటే వయొలిన్ లాంటి తీగ వాద్యాల గుంపు, ఫ్లూట్లు, ట్రంపెట్లు, ఎదురుగా చేతులూపుతూ అందరినీ నడిపించే కండక్టర్. ఇంకేం కావాలి? టికెట్లు అమ్మలేదు, అంతే.

2015 డిసెంబరు వరదల్లో మా అపార్ట్‌మెంట్ కింది అంతస్తులోకి నీళ్లొచ్చాయి. అక్కడ ఉండే నాగర్‌కోయిల్ పెద్దాయన ఒకప్పుడు మామగారితో పాటే రికార్డింగుల్లో డబుల్ బేస్ అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం వాయించేవారు. అందరం బియ్యం, గ్యాస్ సిలిండర్లు, ఇంటి కాగితాలు పైకి చేరవేస్తుంటే ఆయన మాత్రం "ముందు దీన్ని పట్టండి సార్" అని ఒకటే గోల. మనిషి కన్నా ఎత్తుంది. మెట్ల మలుపులో తిరగదు. "బీరువాలా ఉంది, వదిలేద్దాం సార్" అన్నాడు వాచ్‌మన్. ఆయన వాడి వైపు చూసిన చూపుకి ఇంకెవరూ నోరెత్తలేదు. ఎలాగో రెండో అంతస్తు దాకా మోశాం. వాళ్లింటి ఫ్రిజ్ మాత్రం కిందే ఉండిపోయింది. దానికి ఆంటీ ఇప్పటికీ నన్నే తిడతారు.

కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. మర్నాడు సాయంత్రం పిల్లల ఏడుపు భరించలేక ఎవరో "అంకుల్, ఏదైనా పాట వాయించండి" అన్నారు. మెట్ల దగ్గర కొవ్వొత్తి పెట్టుకుని ఇద్దరూ మొదలుపెట్టారు. అది ఏం పాటో ఒక్కరికీ అర్థం కాలేదు. ఎలా అవుతుంది? మామగారు జీవితమంతా సెకండ్ వయొలిన్, అంటే అసలు ట్యూన్‌కి తోడుగా వేరే స్వరాలు వాయించే వరస. ఆయన చేతికి తెలిసింది పాట వెనక నడిచే హార్మనీ. పెద్దాయనకు తెలిసింది దాని అడుగున ఉండే బేస్, అంటే లోతైన మంద్ర స్వరాలు. అసలు ట్యూన్ ఇద్దరి దగ్గరా లేదు! "ఇదేం పాటండీ?" అని ఎదురింటావిడ అడిగితే మామగారికి కోపం వచ్చేసింది. "సినిమాలో ఉన్నదే వాయిస్తున్నానమ్మా, మీరు ఎప్పుడూ వినలేదంతే" అన్నారు.

అప్పుడు మా అత్తగారు గుమ్మంలో నిలబడే పల్లవి అందుకున్నారు. సంగీతం నేర్చుకున్న గొంతు కాదు. కానీ ఆ రెండు వాద్యాలూ వెంటనే ఆమె పాట కింద సరిగ్గా అమరిపోయాయి. ఆ సినిమా తమిళంలోకి కూడా వెళ్లింది కాబట్టి తమిళులు వాళ్ల మాటలతో, మేం మా మాటలతో, ఒకే ట్యూన్‌ను కలిపి పాడేశాం. చిన్నప్పటి నుంచి వింటున్న పాటలో లోపల అంత పని జరుగుతోందని నాకు అంతవరకూ తెలియదు.

నీళ్లు తీశాక మూడో అంతస్తు పిల్ల వయొలిన్ నేర్చుకుంటానని వచ్చింది. వాళ్ల నాన్న మొదటి ప్రశ్న: లండన్ ట్రినిటీ వాళ్ల సంగీత పరీక్షల గ్రేడ్ సర్టిఫికెట్ ఎన్నాళ్లకు వస్తుంది? ఇదొక జబ్బు. వయోలా అనే వాద్యం ఒకటుందని కూడా తెలియని ఇళ్లలో గ్రేడ్ ఫైవ్ సర్టిఫికెట్లు ఫ్రేము కట్టి వేలాడుతున్నాయి.

ఇక ఆ ఆర్కెస్ట్రా ఏమైందంటారా? సింథసైజర్ వచ్చింది, తర్వాత కంప్యూటర్ వచ్చింది, తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్లిపోయింది. వాయించేవాళ్లు పెళ్లి రిసెప్షన్లలో చేరారు, కొందరు పూర్తిగా మానేశారు. 2025 మార్చి 8న ఇళయరాజాగారి సింఫనీ, అంటే ఇలాంటి ఆర్కెస్ట్రా కోసమే రాసిన పెద్ద సంగీత రచన, మొదటిసారి వినిపించింది లండన్‌లో, అక్కడి రాయల్ ఫిల్హార్మనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాళ్ల చేతుల మీదుగా. అందరం గర్వపడ్డాం, స్టేటస్‌లు పెట్టుకున్నాం. రాసింది చెన్నైలో ఉండే మనిషి. మరి వాయించేవాళ్లు ఇక్కడెందుకు లేరని మా వాట్సాప్ గ్రూపుల్లో ఒక్కరూ అడగలేదు.

ముంబైలో 2006 నుంచి సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. పిల్లలకు అకాడమీ కూడా నడుపుతున్నారు, కాదనను. కానీ ఆ ఆర్కెస్ట్రాలో చాలామంది సీజన్‌కు విదేశాల నుంచి వచ్చి వాయించి వెళ్లేవాళ్లు. మన పక్కింట్లో ఉండరు, మన పిల్ల కమాను తప్పుగా పట్టుకుంటే మెట్ల మీద ఆపి సరిచెయ్యరు. నా లెక్కలో చెన్నైకి దారి చూపించింది రెహమాన్‌గారి సన్‌షైన్ ఆర్కెస్ట్రా. పేదింటి పిల్లలకు వాద్యాలిచ్చి, ఉచితంగా నేర్పించారు. అలాంటి పిల్లలు పెద్దయ్యాక నెల జీతం వచ్చే ఉద్యోగం ఈ ఊళ్లోనే ఉండాలి. పాలరాతి హాలు తర్వాత కట్టుకోవచ్చు.

అన్నట్టు, వాళ్లు ఉండడానికి ఇళ్లు కూడా చూడాలి. మొన్న ట్రంపెట్ వాయించే కుర్రాడొకడు మా వీధిలో అద్దెకు అడిగితే ఓనరు అడ్వాన్స్ పుచ్చుకుని, పెట్టెలో ఏముందో చూశాక తిరిగిచ్చేశాడు. నాన్‌వెజ్‌కి ఒప్పుకున్నాడట, ట్రంపెట్‌కి ఒప్పుకోలేదు.