మావారి పెన్షన్‌లో నాకు ఎంత వస్తుంది?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాకు 71 ఏళ్లు. మావారు తపాలా శాఖలో పనిచేసి 2009లో రిటైరయ్యారు. మొన్న ఆగస్టులో, 76వ ఏట, కాకినాడ ఆసుపత్రిలో పోయారు. ఆయన పెన్షన్ మా ఇద్దరి పేర ఉన్న ఖాతాలో ఇంకా పడుతూనే ఉంది. బ్యాంకులో చెబితే మొత్తం ఆపేస్తారేమోనని చెప్పలేదు. ‘సగం వస్తుంది’ అని కొందరు, ‘పిల్లలు పెద్దవాళ్లయ్యారు, ఏమీ రాదు’ అని కొందరు అంటున్నారు. 2023లో పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకంలో 15 లక్షలు వేశారు, నా పేరు జాయింటుగా ఉంది. అబ్బాయి అది తీసేసి హైదరాబాద్‌లో ఫ్లాటుకు కడదామంటున్నాడు. నా పేర కొద్దిగా కొబ్బరి తోట ఉంది. 4,000 రూపాయల వితంతు పెన్షన్ వస్తుందని పక్కింటివారు అంటున్నారు. భర్త పోయిన మా పెద్దమ్మాయి నా దగ్గరే ఉంటోంది. పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) ఫొటో పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. బ్యాంకులో చెబితే ఆగేది ఆయన పెన్షన్. దాని స్థానంలో మీ పేర ఫ్యామిలీ పెన్షన్ మొదలవుతుంది. అది మీ హక్కు, మీరు బతికి ఉన్నంతకాలం వస్తుంది. పిల్లల వయసుతో దానికి సంబంధం లేదు. మీ పేర తోట ఉన్నా, రేపు వేరే ఆదాయం వచ్చినా అది ఆగదు.

ఎంత అన్న దగ్గరే చాలామంది పొరబడతారు. ఫ్యామిలీ పెన్షన్ అంటే ఆయన పెన్షన్‌లో సగం కాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో అది చివరి జీతంలో 30 శాతం. పాతవారికి ఏడో వేతన సంఘం ప్రకారం జీతాన్ని సవరించి లెక్కకట్టారు. మీరు పంపిన పీపీఓలో ఆయన మూల పెన్షన్ 23,100 అని ఉంది. పెన్షన్ జీతంలో సగం కాబట్టి సవరించిన జీతం 46,200. అందులో 30 శాతం 13,860. ఇదే అంకె ఫ్యామిలీ పెన్షన్ గడిలోనూ ఉంది, చూసుకోండి. దీనిమీద 2025 జులై నాటి రేటున కరువు భృతి 58 శాతం. మొత్తం కలిపితే నెలకు 21,899 రూపాయలు. ఆయనకు 36,498 వచ్చేది. అంటే నెలకు సుమారు 14,600 తగ్గుతుంది. మీ ఇంటి ఖర్చు ఈ కొత్త అంకెకు సరిపోతుందో లేదో ఇప్పుడే కాగితం మీద వేసుకోండి.

‘సగం వస్తుంది’ అని మీకు చెప్పినవారు పూర్తిగా అబద్ధం చెప్పలేదు. రిటైరయ్యాక పోయినవారి భార్యకు కొంతకాలం చివరి జీతంలో 50 శాతానికి పెంచిన ఫ్యామిలీ పెన్షన్ ఇస్తారు. అది ఏడేళ్లు, లేదా ఆయన బతికి ఉంటే 67 నిండే వరకు, ఏది ముందైతే అది. మీవారికి ఆ వయసు ఎప్పుడో దాటిపోయింది కాబట్టి మీకు వర్తించదు. మీకు 80 నిండాక మాత్రం మూల ఫ్యామిలీ పెన్షన్‌కు 20 శాతం, అంటే ఇప్పటి లెక్కన 2,772 రూపాయలు అదనంగా కలుస్తుంది. 85కి అది 30 శాతం అవుతుంది, ఆ తర్వాతా పెరుగుతుంది.

ఆ పెంపు అందాలంటే మీ పుట్టినతేదీ రికార్డులో ఉండాలి. మీ పీపీఓలో నాకు కంగారు పుట్టించింది ఇదే. భార్య పుట్టినతేదీ గడి ఖాళీగా ఉంది. మీ పేరు పక్కన ఇంటిపేరు కూడా లేదు. ఆధార్‌లో, పాన్‌లో ఇంటిపేరుతో ఉంటే బ్యాంకువాళ్లు అక్కడే ఆపుతారు. వెళ్లేటప్పుడే రెండు పేర్లూ ఒకరివేనని ధ్రువీకరణ రాసి పట్టుకెళ్లండి, పుట్టినతేదీ సరిచేయమని మరో దరఖాస్తు ఇవ్వండి. ఎనభయ్యో ఏట ఆ కాగితం కోసం తిరగడం ఎంత కష్టమో చాలా ఇళ్లలో చూశాను.

ఇక ఖాతాలో పడుతున్న డబ్బు. చనిపోయిన రోజు వరకే ఆయన పెన్షన్, మర్నాటి నుంచి మీది. కాబట్టి ఇప్పటిదాకా వచ్చిందంతా తిరిగి కట్టాల్సిన పని లేదు. మీకు రావలసిన బకాయి పోగా మిగిలిన తేడాను మాత్రం బ్యాంకు రాబట్టుకుంటుంది. అందుకే ఆయన ఏటీఎం కార్డు ఈ రోజే పక్కన పెట్టేయండి. ఆ పిన్‌తో ఎవరు డబ్బు తీసినా రేపు జవాబు చెప్పాల్సింది మీరే. ఎన్ని నెలలు ఆగితే అంత తేడా పెరుగుతుంది, అంతా మీ పెన్షన్‌లోంచే కోస్తారు. పైగా నవంబరులో ఆయన లైఫ్ సర్టిఫికెట్ అందకపోతే ఆ పెన్షన్ ఎలాగూ ఆగుతుంది. అప్పుడు చేతిలో ఏమీ లేకుండా తిరగాల్సి వస్తుంది. ఇకపై ఏటా ఆ సర్టిఫికెట్ మీరు మీ పేర ఇవ్వాలి.

మరణ ధ్రువపత్రం మీ పంచాయతీలో దొరకదు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదు, కాబట్టి కాకినాడ నగరపాలక సంస్థ ఇస్తుంది. నాలుగైదు నకళ్లు తెచ్చుకోండి, పోస్టాఫీసుకూ కావాలి. బ్యాంకులో ఆ పత్రం, పీపీఓ, ఆధార్, పాన్, ఒక అర్జీ, ఎక్కువ పడితే తిరిగి కడతామనే హామీపత్రం ఇవ్వండి. మీ ఖాతా ఇద్దరి పేరా ఉంది కాబట్టి అందులోనే ఫ్యామిలీ పెన్షన్ వేయమని అడగండి. కొత్త ఖాతా తెరవమని పట్టుబట్టకూడదని బ్యాంకులకు ప్రభుత్వ ఆదేశాలున్నాయి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి. ఆయనకు నెలకు 1,000 రూపాయల మెడికల్ అలవెన్సు వస్తుంటే అది మీకూ కొనసాగించమని అదే అర్జీలో రాయండి.

పక్కింటివారు చెప్పిన 4,000 రూపాయల వితంతు పెన్షన్ ప్రభుత్వ పెన్షన్ అందే ఇళ్లకు రాదు. దాని గురించి తిరగకండి.

పోస్టాఫీసు 15 లక్షల దగ్గర మాత్రం గట్టిగా చెబుతున్నాను, అది తీయకండి. ఈ పథకంలో జాయింటుగా ఉన్న భార్య అర్జీ పెట్టుకుంటే అదే ఖాతాను అదే 8.2 శాతంతో 2028లో గడువు తీరే వరకు కొనసాగించుకోవచ్చు. మూడు నెలలకోసారి 30,750 రూపాయలు, ఏడాదికి 1,23,000. నెలకు పదివేల పైమాటే. పెన్షన్‌లో తగ్గిన దానిలో మూడింట రెండొంతులు ఇక్కడ పూడుతుంది. కొనసాగించమని అడగకుండా మూసేస్తే, ఆయన పోయిన తేదీ నుంచి సేవింగ్స్ ఖాతా వడ్డీ 4 శాతమే లెక్కగడతారు.

అబ్బాయిది చెడ్డ ఆలోచన అనను. కానీ ఆ ఫ్లాటు మీకు నెలనెలా మందులు కొనిపెట్టదు. కొబ్బరి దింపు డబ్బులు ధర పడిపోయిన ఏడు ఎంత వస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ డబ్బు మీ చేతిలోనే ఉండాలని అబ్బాయితో ఒక్కసారి నెమ్మదిగా కూర్చుని చెప్పండి. కావాలంటే ఈ జవాబు చూపించండి.

పన్ను గురించి దిగులు వద్దు. కొత్త విధానంలో ఫ్యామిలీ పెన్షన్ నుంచి 25,000 మినహాయింపు పోగా, వడ్డీ కలిపినా పూర్తి ఏడాదికి మీ ఆదాయం 3,60,800 లోపే. 2025-26లో 4 లక్షల వరకు పన్నే లేదు. అయితే వడ్డీ లక్ష దాటింది కాబట్టి, కట్టాల్సిన పన్ను లేదని తెలిపే ఫారం (2025-26లో 15హెచ్) పోస్టాఫీసులో ఇవ్వకపోతే వడ్డీలోంచి ముందే పన్ను (టీడీఎస్) కోస్తారు.

ఇక మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేసిన పెద్దమ్మాయి సంగతి. అర్హతలుంటే మీ తర్వాత ఈ ఫ్యామిలీ పెన్షన్ ఆమెకు రావచ్చు, వయసు 25 దాటినా సరే. మీ ఇద్దరిలో ఒకరైనా బతికుండగా ఆమె భర్త పోయి ఉండాలి, ఆమె మీమీద ఆధారపడి ఉండాలి, సొంత ఆదాయం 9,000 రూపాయలు, దానిమీద కరువు భృతి కలిపిన మొత్తానికి మించకూడదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆగిపోతుంది. మీరు ఉండగానే ఆమె పేరు, అల్లుడిగారి మరణ ధ్రువపత్రం జతచేసి, మీవారు చివరగా పనిచేసిన డివిజన్ కార్యాలయంలో కుటుంబ వివరాల్లో చేర్పించండి. మీ తర్వాత ఇదంతా ఆమె ఒక్కతే రుజువు చేసుకోవాలంటే ఏళ్లు పట్టవచ్చు. బ్యాంకుకు వెళ్లే రోజు ఆమెను కూడా వెంటబెట్టుకెళ్లండి, ఏ కాగితం ఎక్కడుందో ఆమెకూ తెలియాలి.